బండికి సైడ్ బాక్సులు: రాక్ గురించి అపోహలు, వాస్తవాలు

బైకుల మీద లదాఖ్ వెళ్లే సీజన్ దగ్గర పడితే చాలు, బండికి రెండు పక్కలా తగిలించే కొత్త అల్యూమినియం బాక్సులు పట్టుకుని మా వెల్డింగ్ షెడ్డుకి వచ్చేవాళ్లు పెరుగుతారు. బాక్సులకు వేలకు వేలు పోస్తారు గానీ వాటిని మోసే రాక్ దగ్గరికొచ్చేసరికి "నాలుగు ముక్కలు వెల్డ్ చేసెయ్యన్నా, చాలు" అంటారు. ఆ నాలుగు ముక్కల మీదే ఉన్నన్ని అపోహలు ఇంకెక్కడా లేవు.

అపోహ: లావు పైపు వేస్తే విరగదు.

విరిగిన రాక్‌ని దగ్గరగా చూడండి. పైపు నడిమధ్యలో విరగడం అరుదు. వెల్డింగ్ అతుకు అంచున వెంట్రుకంత గీత పడుతుంది, ఆ గీత వెంట పెయింట్ మీద తుప్పు రంగు కారుతుంది. పగులు మొదలయ్యేది అక్కడే. ఇంజిన్ వైబ్రేషన్, గుంతల కుదుపు రెండూ పోయి ఆ అంచునే పట్టుకుంటాయి. ఎంత లావు పైపైనా రెండు బోల్టుల మీద వేలాడదీస్తే ఊగుతుంది, పైగా దాని సొంత బరువొకటి.

ఒక్కో రాక్‌కి మూడు చోట్ల పట్టు కావాలి. పైన గ్రాబ్ రైల్ (వెనక సీటు చేతిపట్టు) బోల్టుల దగ్గరో, షాక్ అబ్జార్బర్ పై బోల్టు దగ్గరో ఒకటి. కింద వెనక ఫుట్‌రెస్ట్ దగ్గర ఒకటి. మూడోది నంబర్ ప్లేటు చాటున కుడి, ఎడమ రాక్‌లను కలిపే అడ్డ పైపు. "లుక్ పోతుంది" అని చాలామంది వద్దనేది సరిగ్గా దాన్నే. అది లేకపోతే గుంత తగిలినప్పుడల్లా రెండు బాక్సులు కోడి రెక్కల్లా కొట్టుకుంటాయి.

అపోహ: కడ్డీ గట్టిది, పైపు డొల్ల.

12 మి.మీ. ఇనుప కడ్డీ మీటరుకు సుమారు 890 గ్రాములు తూగుతుంది. 19 మి.మీ. బయటి వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న పైపు 840 గ్రాములే. బరువు తక్కువైనా, వంగకుండా నిలబడడంలో కడ్డీకి ఈ పైపు దాదాపు నాలుగింతలు. కాకపోతే పైపు కొసను సుత్తితో చదును చేసి బోల్టు రంధ్రం వేయించుకోవద్దు. ఆ మడత దగ్గరే చీలుతుంది. 5 మి.మీ. ప్లేటు ముక్క కోసి వెల్డ్ చేయించండి. అరగంట పని ఎక్కువ, అంతే.

అపోహ: సారీ గార్డ్‌కే బిగిస్తే సరిపోతుంది.

సరిపోదు. అది చీర కొంగు చక్రంలో పడకుండా ఆపడానికి పెట్టింది, బరువు మోయడానికి కాదు. అలాగని రాక్ కోసం దాన్ని పీకి పారేయడమూ తప్పే. వెనక చక్రంలో కనీసం సగానికి రక్షణ, వెనక కూర్చున్నవాళ్లకు చేతిపట్టు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతోంది.

అపోహ: బండి మీదే పూర్తిగా వెల్డ్ చేస్తే కొలత తప్పదు.

సగం నిజం. రాక్ ముక్కల్ని బండికి బిగించి, ఒకదానికొకటి టాక్ (కదలకుండా పట్టే చిన్న చుక్క వెల్డింగ్) వేయాలి, పూర్తి వెల్డింగ్ మాత్రం విప్పి బయట చేయాలి. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) బళ్లలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, ఉంటుంది. టాక్‌కి ముందే బ్యాటరీ తీగలు విప్పి, ఈసీయూ కనెక్టర్ ఊడదీయండి. వెల్డింగ్ మెషీన్ ఎర్త్ క్లాంపు (కరెంటు తిరిగి వెళ్లే తీగ పట్టు) అతుకు పక్కనే ఉండాలి. ఎక్కడో దూరంగా పెడితే కరెంటు బేరింగుల మీదుగా పోయి వాటిని పాడుచేస్తుంది. ఛాసిస్‌కి (బండి ఫ్రేముకి) మాత్రం టాక్ కూడా వేయనివ్వకండి. బయట వెల్డ్ చేసేటప్పుడు వేడికి పైపు గుంజుతుంది కాబట్టి, రాక్‌ని బల్లకు గట్టిగా బిగించి, ఒక అతుకు ఇటు, ఒకటి అటు వేసుకుంటూ పోవాలి.

అపోహ: రెండు బాక్సులూ ఒకే దూరంలో ఉండాలి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 లాంటి బండికి సైలెన్సర్ కుడివైపు ఉంటుంది కాబట్టి ఆ బాక్సు కొంచెం బయటికి జరగక తప్పదు. జోడీ కుదరాలని ఎడమది కూడా బయటికి లాగితే వెడల్పు పెరిగి ట్రాఫిక్‌లో ఇరుక్కునేది మీరే. నా లెక్కలో ఎడమది చక్రానికి దగ్గరగానే ఉంచి, బరువైన సామాను అందులో కాస్త ఎక్కువ వేసుకోవడం మేలు.

స్టెయిన్‌లెస్ స్టీలే వేయాలన్న పట్టుదల అక్కర్లేదు. పౌడర్ కోటింగ్ చేసిన మామూలు స్టీలు చాలు, అదైతే దారిలో విరిగినా ఏ ఊళ్లోనైనా అతికిస్తారు.

డబ్బు కట్టేముందు బాక్సుల నిండా సామాను పెట్టి, ఇద్దరు కూర్చుని బండిని బాగా కిందికి నొక్కి చూడండి. టైరుకి, సైలెన్సర్‌కి, వెనక కూర్చున్నవాళ్ల మడమకి ఎక్కడా తగలకూడదు. ఇండికేటర్లు బాక్సుల చాటున పడితే వెనక్కి జరిపించండి. నైలాక్ నట్లే (లోపల నైలాన్ రింగు ఉండి, కుదుపులకు తొందరగా వదులవనివి) వేయించి, మొదటి వంద కిలోమీటర్ల తర్వాత స్పానర్‌తో ఒకసారి అన్నీ బిగించుకోండి.