పొరల మధ్య ఆగిపోయే వేడి

కృత్రిమ ఉపగ్రహంలోని ఎలక్ట్రానిక్ పరికరాల వేడిని మోసుకుపోవడానికి అక్కడ గాలి ఉండదు. ఆ వేడి పరికరం అడుగు నుంచి దాన్ని బిగించిన పలకలోకి దిగి, పలక వెంట పాకి, చివరకు వికిరణ రూపంలో అంతరిక్షంలోకి పోవలసిందే. పలక అల్యూమినియందైతే ఇది సులువు. బరువు తగ్గుతుందని కార్బన్ ఫైబర్ కాంపోజిట్, అంటే కార్బన్ పోగుల పొరలను రెసిన్‌తో అతికించిన పదార్థం, వాడితే మాత్రం వేడి దారిలోనే ఆగిపోతుంది. 2011లో ప్రయాణికుల సేవలోకి వచ్చిన బోయింగ్ 787 విమాన నిర్మాణంలో, బరువు లెక్కన, సగం దాకా కాంపోజిట్లే ఉన్నాయి కనుక ఇది ఉపగ్రహాలకే పరిమితమైన సమస్య కాదు.

లోపం కార్బన్ పోగులలో లేదు. ఉష్ణవాహకతను మీటరు-కెల్విన్‌కు ఇన్ని వాట్లని కొలుస్తారు. ఆ లెక్కలో రాగి విలువ సుమారు 400. మామూలు కార్బన్ పోగుకు పొడవునా 10 దాకా ఉంటుంది. పిచ్ (తారులాంటి జిగురు పదార్థం) నుంచి తీసిన మేలురకం పోగులు రాగినే మించిపోతాయి. పోగులను పట్టి ఉంచే ఎపాక్సీ రెసిన్ (గట్టిపడే జిగురులాంటి ప్లాస్టిక్) విలువ మాత్రం 0.2 దగ్గరే ఆగుతుంది. పలక మందం దిశలో వెళ్లే వేడి ప్రతి పోగుకూ ప్రతి పొరకూ మధ్యనున్న ఆ రెసిన్‌ను దాటక తప్పదు కాబట్టి, సాధారణ పలకల్లో ఆ దిశలో వాహకత 1కి కూడా చేరదు.

ఈ రెసిన్‌కే కార్బన్ నానోట్యూబులు, అంటే కార్బన్ పరమాణువులతో ఏర్పడిన అతి సన్నని గొట్టాలు, కలపాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది. 2001లో ఒంటరి బహుళగోడల (ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాల) నానోట్యూబును కొలిచినప్పుడు దాని వాహకత 3000కు పైగా తేలింది. పైగా పోగు మందం 5 నుంచి 7 మైక్రోమీటర్లుండగా నానోట్యూబు మందం కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్లే గనుక, పోగుల సందుల్లో అది తేలిగ్గా ఇముడుతుంది. నూటికి ఒక వంతు కలిపినా, వేర్వేరు దిశల్లో పడ్డా, మిశ్రమం వాహకత 10 దాకా పెరగాలని సాదా లెక్క చెబుతుంది. 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఎపాక్సీకి బరువులో ఒక శాతం ఏకగోడ నానోట్యూబులు కలిపితే గది ఉష్ణోగ్రత వద్ద పెరుగుదల 125 శాతం. వినడానికి ఘనంగానే ఉంటుంది, కానీ 0.2 మీద 125 శాతమంటే 0.45 మాత్రమే. ఈ రంగంలో ఫలితాలను శాతాల్లో కాక అసలు విలువల్లో చూడాలని నేను గట్టిగా అంటాను.

మిగతా వేడి ఎక్కడ ఆగింది? నానోట్యూబులో వేడిని ప్రధానంగా మోసేవి ఫోనాన్లు, అంటే పరమాణువుల జాలకంలో సాగే కంపన తరంగాలు. గట్టి కార్బన్ జాలకపు కంపనాలకూ మెత్తని రెసిన్ కంపనాలకూ పొత్తు కుదరదు. అందువల్ల రెండూ కలిసే సరిహద్దులో తరంగాలు చాలావరకు వెనక్కి మళ్లుతాయి. ఘన-ద్రవ సరిహద్దులో ఇలాంటి నిరోధాన్ని ద్రవ హీలియంలో 1941లో గుర్తించిన భౌతిక శాస్త్రవేత్త కపిట్జా పేరే దీనికి నిలిచింది. 2003లో ద్రవంలో తేలే నానోట్యూబులపై కొలిచిన విలువను తీసుకుంటే, ఒక్క సరిహద్దును దాటడం దాదాపు 16 నానోమీటర్ల ఎపాక్సీని దాటడంతో సమానం. అంటే సన్నని నానోట్యూబుకు తన మందాన్ని మించిన రెసిన్ తొడుగు అదనంగా తొడిగినట్టే. విద్యుత్తుకు ఈ ఇబ్బంది అంతగా లేదు: నానోట్యూబులు ఒకదానికొకటి చేరువైతే చాలు, ఎలక్ట్రాన్లు దూకి వెళతాయి, రెసిన్ విద్యుద్వాహకత ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. వేడి విషయంలో అలాంటి గెంతు కనబడదు.

సరిహద్దును సుగమం చేయడానికి నానోట్యూబు గోడకు రసాయన సమూహాలను అతికించి రెసిన్‌తో బంధం కలుపుతారు. అప్పుడు వేడి దాటడం మెరుగవుతుంది గానీ, బంధం పడిన ప్రతిచోటా జాలకం దెబ్బతిని, ఫోనాన్లు ట్యూబు లోపలే చెదిరిపోతాయి. పాళ్లు పెంచుదామంటే రెసిన్ చిక్కబడి పోగుల్లోకి ఇంకదు. పోగుల గుడ్డ జల్లెడలా పనిచేసి నానోట్యూబులను అంచునే ఆపేస్తుంది. అందుకే కొందరు పరిశోధకులు కలపడం మాని, పోగుల మీదే నానోట్యూబులను పెంచుతున్నారు, లేదా నిలువుగా పెంచిన నానోట్యూబుల పొరను రెండు పోగు పొరల మధ్య పరుస్తున్నారు. వేడి పోవలసిన దిశలోనే ట్యూబులు నిలబడతాయి కాబట్టి నాకు ఈ దారే ఎక్కువ ఆశాజనకంగా తోస్తుంది. అయితే పోగు మీద పెంచడానికి కావలసిన అధిక ఉష్ణోగ్రత, ఇనుము వంటి ఉత్ప్రేరకం కలిసి పోగు బలాన్ని తగ్గించగలవు. బలం కోసమే ఎంచుకున్న పదార్థంలో ఆ నష్టాన్ని ఎంతవరకు ఒప్పుకోవచ్చన్నది విమాన రెక్కకు ఒకలా, ఉపగ్రహ పలకకు మరోలా తేలుతుంది.