సూదిమందు చాటున లూపస్

గ్రామాల్లో వైద్య డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీల క్లినిక్‌లపై వైద్య మండలి తనిఖీల వివాదం మళ్లీ రాజుకుంది. వాదనంతా వైద్య పట్టా ఉందా, లేదా అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. వరంగల్ పరిసరాల లూపస్ రోగులు అడగాల్సిన ప్రశ్న వేరు: ఇన్నాళ్లూ మాకు ఇచ్చిన మందేమిటి?

లూపస్ అంటుకునే జబ్బు కాదు. రోగ నిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే తిరగబడే దీర్ఘకాలిక వ్యాధి. పది మంది రోగుల్లో దాదాపు తొమ్మిది మంది స్త్రీలే. దాని పాత చరిత్ర ఎలా ఉన్నా, నేటి తగవు అర్థం కావాలంటే 1948ని చూడాలి. ఆ ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్‌లో మాల్కమ్ హార్‌గ్రేవ్స్ బృందం లూపస్ రోగుల్లో కనిపించే ప్రత్యేక తెల్లకణమైన ఎల్‌ఈ కణాన్ని గుర్తించడంతో లూపస్‌ను రక్తపరీక్షతో పట్టుకునే దారి దొరికింది. సెప్టెంబరులో అదే క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో కదలలేని యువతికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. లూపస్‌లోనూ ఆ మందు ఎందరి ప్రాణాలో నిలిపింది. అయితే పరీక్షలు పెద్దాసుపత్రులు దాటలేదు, స్టెరాయిడ్ మాత్రం ఊరూరా చేరింది.

జ్వరం, కీళ్ల నొప్పులు, బుగ్గల మీద ఎర్రటి మచ్చలతో వచ్చిన అమ్మాయికి డెక్సా అనే స్టెరాయిడ్ సూది వేస్తే త్వరలోనే హాయిగా ఉంటుంది. తర్వాత పేరు లేని పొట్లంలో చిన్న తెల్లమాత్రలు. లోపల మూత్రపిండాలు దెబ్బతింటున్నా నొప్పి తెలియదు. కాళ్లు వాచి, వేలితో నొక్కితే గుంట పడి, మూత్రం నురగ కట్టాక వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి వస్తారు. 1955 నుంచి వాడుకలో ఉన్న లూపస్ మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ అప్పటిదాకా వారికి అందనే అందదు.

అర్ధరాత్రి ఏటూరునాగారం అడవి పల్లెకు ఎవరొస్తారని, శిక్షణ ఇచ్చి గుర్తించమని ఆర్‌ఎంపీల సంఘాలు అంటున్నాయి. జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019 ప్రకారం అర్హత లేని వైద్యానికి ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

నెలల తరబడి స్టెరాయిడ్ వాడినవారు ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. క్లినిక్‌కు తాళం వేసే అధికారులు ముందుగా అక్కడ ఎవరికి ఏ మాత్ర ఇస్తున్నారో రాయించుకుని, ఆ జాబితాను దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి.