టీబీ గోలీలు: ఆపకూడని రోజులు, ఆపవలసిన రోజులు

క్షయ వ్యాధికి మందులు వాడేవారు ఒకదానికొకటి పూర్తిగా ఎదురైన రెండు పొరపాట్లు చేస్తుంటారు. ఆపకూడనప్పుడు గోలీలు మానేయడం మొదటిది; ఆపి వెంటనే దవాఖానకు పోవలసినప్పుడు ఓర్చుకుంటూ మింగుతుండడం రెండవది. మొదటిదాని గురించి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చెబుతూనే ఉంటారు. రెండవదాని గురించి రోగికి అంత వివరంగా చెప్పేవారు తక్కువ.

మామూలు జ్వరానికి అయిదు రోజులు సరిపోయే యాంటీబయాటిక్, టీబీకి ఆరు నెలలు ఎందుకు కావాలన్నది ఎవరికైనా కలిగే సందేహమే. విరేచనాలు కలిగించే బాక్టీరియా ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. టీబీ బాక్టీరియాకు అదే పనికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఎక్కువ మందులు పెరుగుతున్న బాక్టీరియానే బాగా చంపుతాయి కాబట్టి, పెరగకుండా నిద్రాణంగా ఉన్నవి చాలాకాలం తప్పించుకుంటాయి. పైగా ఊపిరితిత్తిలో ఏర్పడిన ఒక్క గుల్లలోనే కోట్ల సంఖ్యలో బాక్టీరియా ఉంటుంది. ప్రతి పది లక్షలలో ఒకటి ఐసోనియాజిడ్ అనే టీబీ మందుకు, ప్రతి పది కోట్లలో ఒకటి రిఫాంపిసిన్ అనే మరో టీబీ మందుకు పుట్టుకతోనే లొంగనిదై ఉంటుందని అంచనా. ఒకే మందు ఇస్తే ఆ మొండివి మిగిలి పెరుగుతాయి. రెండింటికీ ఒకేసారి లొంగనిది ఉండే అవకాశం మాత్రం లేనట్టే. ఈ సంగతి 1940ల చివర్లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కదానినే ఇచ్చి చూసినప్పుడు తెలిసివచ్చింది: రోగులు మొదట తేరుకున్నారు, కొద్ది నెలలలోనే వారిలో చాలామంది ఒంట్లోని బాక్టీరియా ఆ మందుకు లొంగకుండా పోయింది.

అందుకే మందులకు లొంగే టీబీకి మన ప్రభుత్వ కార్యక్రమంలో మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అనే నాలుగు మందులను, తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడింటిని ఇస్తారు. ఇవన్నీ ఒకే గోలీలో కలిసి వస్తాయి. రోజుకు ఎన్ని వేసుకోవాలో రోగి బరువును బట్టి నిర్ణయిస్తారు. కనుక పక్కింటివారు మూడు వేసుకుంటున్నారని మనమూ మూడే వేసుకోవడానికి వీల్లేదు. రెండో నెల దాటేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి ఒళ్లు చేస్తాడు. నా దృష్టిలో మొత్తం వైద్యంలో అత్యంత ప్రమాదకరమైన సమయం ఇదే, ఎందుకంటే రోగం పోయిందన్న నమ్మకం కలిగేదీ, నిద్రాణమైన బాక్టీరియా ఇంకా మిగిలి ఉండేదీ అప్పుడే. నాలుగు రోజులు వేసుకుని, పది రోజులు మాని, మళ్లీ మొదలుపెట్టడం మరీ చెడ్డది: రిఫాంపిసిన్‌ను అలా విడతలు విడతలుగా వాడితే చలిజ్వరం, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం, అరుదుగా మూత్రపిండాలు దెబ్బతినడం కూడా జరుగుతాయి. ఒక రోజు మరచిపోతే మరునాడు రెండింతలు మింగకూడదు. తప్పిన రోజులను లెక్కవేసి చివర కలిపి పూర్తి చేయిస్తారు.

గోలీలను పరగడుపున వేసుకుంటే ఒంటికి బాగా పడతాయి. కడుపులో తిప్పితే మానేయకుండా, కాస్త తేలికపాటి తిండి తిన్నాక వేసుకోవచ్చు. గ్యాస్ మందు మాత్రం అదే సమయంలో తాగకూడదు, అది ఐసోనియాజిడ్‌ను ఒంటికి పట్టనివ్వదు. మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజ రంగులోకి మారితే అది రిఫాంపిసిన్ రంగే తప్ప రక్తం కాదు. అరికాళ్లు, చేతివేళ్లు తిమ్మిరెక్కితే ఐసోనియాజిడ్ వల్ల కావచ్చు. విటమిన్ బి6 గోలీతో అది సాధారణంగా సర్దుకుంటుంది. ఇవేవీ మందు ఆపడానికి కారణాలు కావు.

కీళ్లనొప్పుల సంగతి నల్లగొండ జిల్లాలో కొంచెం చిక్కుగా ఉంటుంది. పైరజినమైడ్ రక్తంలో యూరిక్ ఆమ్లాన్ని పెంచి మొదటి రెండు నెలలలో కీళ్లనొప్పులు తెస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వంటి మండలాలలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము, మోకాళ్లు బిగుసుకుపోయినవారు, కొత్త నొప్పిని పాతదేననుకుని చెప్పకుండా ఊరుకోవచ్చు. పాతనొప్పిని మందు మీదికి నెట్టి గోలీలు మానేయనూ వచ్చు. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎక్కడ ఉందో డాక్టరుకు విడమరచి చెప్పాలి. వెన్నులో ఒకేచోట నిలిచి బాధించే నొప్పి వెన్నెముక టీబీ కూడా కావచ్చు, దానికి వైద్యం ఆరు నెలలకన్నా ఎక్కువకాలం సాగుతుంది.

ఆపవలసిన సందర్భాలు కొన్నే ఉన్నా, అవి ఆలస్యాన్ని సహించవు. నాలుగింటిలో మూడు మందులు కాలేయం మీద భారం వేస్తాయి. తిండి మీద అసహ్యం, ఆగని వాంతులు, కుడి డొక్కలో నొప్పి, కళ్లు పచ్చబడడం కనిపిస్తే మందులన్నీ ఆపి అదే రోజు దవాఖానకు వెళ్లాలి. అక్కడ రక్తపరీక్ష చేసి, కాలేయం కుదుటపడ్డాక ఒక్కొక్క మందునూ మళ్లీ మొదలుపెడతారు. కామెర్లకు పసరు పోయించుకుంటూ టీబీ గోలీలు మింగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోయినా ఇథాంబ్యుటాల్‌ను అనుమానించాలి. అన్ని మందులూ ఒకే గోలీలో ఉన్నందున దానిని రోగి వేరుచేయలేడు, డాక్టరే విడి మందులు రాయాలి. ఒళ్లంతా దద్దుర్లతో పాటు జ్వరం, నోటిపూత వచ్చినా అంతే తొందర అవసరం.

కల్లు మాట ఎత్తకుండా ఈ ప్రాంతంలో టీబీ గురించి రాయడం కుదరదు. ఏ రకం మద్యమైనా కాలేయం దెబ్బతినే ముప్పును పెంచుతుంది. మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఇంకో ప్రమాదం ఉంది: కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు కలపడం అక్కడ పలుమార్లు బయటపడింది. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ఉసిగొల్పి ఇలాంటి మందులను త్వరగా విరిచేస్తుంది. అలవాటుపడ్డవారికి దానివల్ల వణుకు, నిద్రలేమి, పిచ్చిచూపులు రావచ్చు. కాబట్టి సిగ్గుపడకుండా అలవాటు సంగతి ముందే చెప్పడం మేలు. ఇదే ఎంజైముల కారణంగా గర్భనిరోధక గోలీలు పనిచేయకపోవచ్చు, కొన్ని షుగరు గోలీలు, మూర్ఛ మందులు, హెచ్‌ఐవీ మందులు పలచబడవచ్చు. ఊళ్లోని ఆర్‌ఎంపీ ఏ మందు ఇచ్చినా టీబీ గోలీలు వాడుతున్నామని ముందు చెప్పాలి.

ఇక పాలమూరు వలసకూలీల విషయం. పంట లేని నెలల్లో కుటుంబమంతా ముంబైకో పూణెకో పోవలసివస్తే మందు మధ్యలో తెగిపోతుందన్న భయం అర్థం చేసుకోదగినదే, కాని అలా తెగిపోవలసిన అవసరం లేదు. రోగి వివరాలన్నీ నిక్షయ్ అనే జాతీయ కంప్యూటర్ వ్యవస్థలో ఒక నంబరు కింద నమోదై ఉంటాయి. బయలుదేరేముందు పీహెచ్‌సీలో చెబితే వైద్యాన్ని వెళ్లే ఊరికి మార్చి, ప్రయాణానికి సరిపడా గోలీలు ఇస్తారు. పోషణకు నెలకు ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1000 రూపాయలకు పెంచారు, అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఒకప్పుడు టీబీ సోకితే వికారాబాద్ దగ్గరి అనంతగిరి శానటోరియం వంటి చోట నెలల తరబడి ఉండాల్సి వచ్చేది. ఇంట్లో ఉండి గోలీలు వేసుకున్నా ఫలితం అంతే బాగుంటుందని 1950ల చివర్లో మద్రాసులో జరిగిన అధ్యయనం రుజువు చేశాకనే ఆ పద్ధతి ప్రపంచమంతటా మారింది.

రోగితో ఒకే ఇంట్లో ఉండేవారికి, ముఖ్యంగా అయిదేళ్లలోపు పిల్లలకు, నివారణ మందు ఇస్తారు. దానికి ముందు వారికి టీబీ లేదని తేల్చుకోవడం తప్పనిసరి, ఎందుకంటే నివారణకు ఇచ్చే ఒకటి రెండు మందులు అసలు రోగానికి చాలవు, పైగా మొండి బాక్టీరియాను పెంచుతాయి. దగ్గుతున్న మరొకరికి రోగి గోలీలలోంచి రెండు తీసి ఇవ్వడం కూడా అలాంటి పనే. వారిని తెమడ పరీక్షకు తీసుకుపోవాలి.