ఫుడ్ బ్యాంకులకు ప్రభుత్వ సాయం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఫుడ్ ప్యాంట్రీలకు సాయం చేయడానికి వచ్చే కొత్త వలంటీర్లు, దాతలు ప్రభుత్వ సాయం గురించి ఇంచుమించు ఈ కింది మాటలే అంటుంటారు. ముందుగా ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఫుడ్ బ్యాంకు అంటే పెద్ద గోదాము. అక్కణ్ణించి సరుకు తెచ్చుకుని ఇంటిల్లిపాదికీ సరిపడా సంచులు కట్టి ఇచ్చేది ప్యాంట్రీ. ఈ రెండూ ఒకటే అనుకుంటే కింద చెప్పేవేవీ అర్థం కావు.

అపోహ: ప్రభుత్వం ఫుడ్ బ్యాంకుకి ఏటా చెక్కు రాసిస్తుంది.

వచ్చేది చాలావరకు సరుకే, డబ్బు కాదు. ముఖ్యమైన దారి టెఫాప్ అనే అత్యవసర ఆహార సహాయ పథకం. సరుకు కొనేది కేంద్ర వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ. ఏ రాష్ట్రానికి ఎంత వాటా అన్నది ఒక లెక్క ప్రకారం తేలుతుంది: పేదరిక రేఖకు దిగువనున్న కుటుంబాల్లోని మనుషుల సంఖ్యకు 60 శాతం, నిరుద్యోగుల సంఖ్యకు 40 శాతం ప్రాధాన్యం. తన వాటా విలువ మేరకు రాష్ట్ర ఏజెన్సీ జాబితా చూసి ఆర్డరు పెడుతుంది. సరుకు చేతికి రావడానికి నెలలు పడుతుంది.

ఒక లారీ లోడు దాదాపు 40,000 పౌండ్లు. తరచుగా మొత్తం ఒకే రకం సరుకు ఉంటుంది. దెబ్బతినేది ఇక్కడే. ఫ్రీజర్‌లో ఎన్ని పేలెట్ల (పెట్టెలు పేర్చే చెక్క బల్లల) చోటుందో లెక్క చూసుకోకుండా కోడిమాంసం లోడుకి ఒప్పుకున్నారనుకోండి, లారీ వచ్చి నిలబడ్డాక బయట కోల్డ్ స్టోరేజీ అద్దెకు వెతుక్కోవాలి. లోడు దిగేటప్పుడు సీలు, పెట్టెల సంఖ్య, ఉష్ణోగ్రత చూసి, నలిగినవీ తడిసినవీ ఉంటే లారీ కాగితం మీదే రాసి, ఆ తరవాతే సంతకం పెట్టాలి. ఏమీ రాయకుండా సంతకం పెట్టేస్తే తరవాత ఎన్ని ఫోటోలు పంపినా వాదన నిలవదు.

అపోహ: సరుకు ఉచితం కాబట్టి ఖర్చేమీ ఉండదు.

పప్పు డబ్బా ఉచితమే. దాన్ని దించే ఫోర్క్‌లిఫ్ట్, చల్లగా ఉంచే కరెంటు, ప్యాంట్రీకి చేర్చే డీజిల్ ఉచితం కాదు. అందుకే టెఫాప్‌లో నిర్వహణ నిధి విడిగా ఉంది. చట్టం దీనికి ఏటా 10 కోట్ల డాలర్ల దాకా అనుమతిస్తుంది. నిజంగా ఎంత ఇవ్వాలో మాత్రం కాంగ్రెస్ ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం తేలుస్తుంది. రాష్ట్రానికి అందిన దాంట్లో కనీసం 40 శాతం ఫుడ్ బ్యాంకుల్లాంటి కింది సంస్థలకు ఇవ్వాలి, లేదా వాటి కోసమే ఖర్చుపెట్టాలి. రాష్ట్రం తన దగ్గర ఉంచుకున్న మొత్తానికి సమానంగా తన వాటా కలపాలి. మీ ప్యాంట్రీకి సరుకు వస్తున్నా రవాణా ఖర్చు రావడం లేదంటే, ఈ 40 శాతం ఎలా పంచుతున్నారో ఫుడ్ బ్యాంకుని అడగండి. అడిగే హక్కు మీకుంది. చాలామంది మొహమాటపడి ఊరుకుంటారు.

అపోహ: ఆకలి పెరిగితే సరుకూ దానంతటదే పెరుగుతుంది.

అన్నిటికంటే నష్టం చేసే అపోహ ఇదే. వాటా సరుకు కాకుండా టెఫాప్‌లో బోనస్ సరుకు ఉంటుంది. పంట ఎక్కువై ధర పడిపోయినప్పుడు రైతుని ఆదుకోవడానికి వ్యవసాయ శాఖ కొని ఇలా పంపుతుంది. పథకం మూలమే అది: 1981లో ప్రభుత్వ గోదాముల్లో పేరుకుపోయిన చీజ్ పంచడంతో మొదలైంది, 1983లో చట్టం వచ్చింది. అంటే బోనస్ ఎంత వస్తుందన్నది మార్కెట్ చేతిలో ఉంది, క్యూ పొడవు చేతిలో లేదు. ఆహార ధరలు మండుతున్న ఏడాది క్యూ పెరుగుతుంది, బోనస్ తగ్గుతుంది. రెండూ ఒకేసారి మీద పడతాయి.

పైగా ప్రకటించిన సాయం ఆగిపోవచ్చు కూడా. స్థానిక రైతుల దగ్గర కొనడానికి రాష్ట్రాలకు డబ్బిచ్చే ఎల్ఎఫ్‌పీఏ కార్యక్రమంలో 2025కి అనుకున్న విడతను ఆ ఏడాది మార్చిలో రద్దు చేశారు. దాన్ని నమ్ముకుని కూరగాయల ప్రణాళిక వేసుకున్నవాళ్లకు చేతిలో ఏమీ మిగల్లేదు. అందుకే బోనస్‌ని, ఒక విడతకే పరిమితమైన నిధుల్ని నెలవారీ సంచి లెక్కలో కలపకండి. వస్తే అదనం, అంతే.

తుఫాను, వరద లాంటి విపత్తుల నియమాలు వేరు. అధ్యక్షుడు విపత్తుగా ప్రకటించిన చోట వండి వడ్డించే శిబిరాలకు యూఎస్‌డీఏ సరుకుని రాష్ట్రం వెంటనే విడుదల చేయవచ్చు. ఇళ్లకు సంచులుగా ఇవ్వాలంటే మాత్రం ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలి.

అపోహ: జీతం స్లిప్పు చూపించందే సంచి ఇవ్వకూడదు.

ఇంటికి సరుకు తీసుకెళ్లేవాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. దాన్ని నిర్ణయించేది రాష్ట్రం. మామూలుగా వచ్చినవాళ్లు తమ ఆదాయం పరిమితి లోపలే ఉందని స్వయంగా చెప్పి ఫారం నింపితే చాలు. రాష్ట్రంలో నివాసం ఉండాలని అడగవచ్చు గానీ, ఇన్ని నెలలుగా ఉంటున్నారా అని షరతు పెట్టకూడదు. వండి వడ్డించే చోట ఒక్కొక్కరి ఆదాయం అడగనే అక్కర్లేదు, అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అవసరంలో ఉన్నవాళ్లైతే సరిపోతుంది. ఫారంలో లేని ప్రశ్నలు వేసేది తరచూ అత్యుత్సాహం ఉన్న వలంటీరే. "ఆ కారు మీదేనా?" అన్న ప్రశ్నకు ఏ నియమంలోనూ చోటు లేదు.

అపోహ: గుడి, చర్చి నడిపే ప్యాంట్రీకి ఈ సరుకు రాదు.

వస్తుంది. ఎన్నో ప్యాంట్రీలు చర్చి నేలమాళిగల్లోనే నడుస్తున్నాయి. ప్రార్థనకు కూర్చుంటేనే సంచి అనకూడదు. పంచే బల్ల పక్కన హుండీ పెట్టి, డబ్బు వేయాలేమో అన్న అనుమానం కలిగించకూడదు. వలంటీర్లకు ఈ సరుకుని కూలిగా ఇవ్వకూడదు. ఆ వలంటీరు కూడా అర్హుడైతే అందరిలాగే ఫారం నింపి తీసుకోవచ్చు.

అపోహ: ఫుడ్ బ్యాంకులుంటే స్నాప్ కార్డు అవసరం తగ్గుతుంది.

స్నాప్ అంటే పేద కుటుంబాలు దుకాణంలో ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వం కార్డులో డబ్బు వేసే పథకం. ఫుడ్ బ్యాంకుల జాతీయ సంస్థ ఫీడింగ్ అమెరికా లెక్క ప్రకారం, ఫుడ్ బ్యాంకులు ఒక పూట భోజనం అందిస్తే స్నాప్ తొమ్మిది పూటలు అందిస్తుంది. అందులో చిన్న కోత పడినా దాన్ని సంచులతో పూడ్చలేం. సంచితో పాటు స్నాప్ దరఖాస్తుకి కూడా సాయం చేసే ప్యాంట్రీ ఎక్కువ ఆకలి తీర్చగలదు.

అపోహ: పంచేశాక లెక్కలెవరూ అడగరు.

అడుగుతారు. కాగితాలు కనీసం 3 ఏళ్లు ఉంచాలి. ఎంత సరుకు వచ్చింది, ఎంత పంచారు, ఎంత పాడైంది అన్నది యూఎస్‌డీఏ సరుకు వరకు విడిగా చూపించగలగాలి. దాతలిచ్చిన సరుకుతో కలిపి ఒకే అంకె వేసేవాళ్లు తనిఖీలో మొదట చిక్కుకునేది ఇక్కడే. ముందొచ్చిన పెట్టె ముందు పోవాలి, పేలెట్ నేలకీ గోడకీ ఆనకూడదు, ఫ్రీజర్ 0 డిగ్రీల ఫారన్‌హీట్, కూలర్ 41కి మించకూడదు, ఉష్ణోగ్రత రోజూ రాయాలి. సరుకు పాడైతే గుట్టుగా చెత్తబుట్టలో పారేయకండి, ఫుడ్ బ్యాంకు ద్వారా రాష్ట్రానికి తెలియజేయండి. ఉష్ణోగ్రత చిట్టా సరిగ్గా ఉండి కరెంటు పోయి పాడైతే అది ప్రమాదం కింద పోతుంది. చిట్టాయే లేకపోతే నిర్లక్ష్యమని తేల్చి, సరుకు విలువ కట్టమనవచ్చు.