పెల్లెట్ డబ్బా గెలిచిందని ఎప్పుడు అనుకోవాలి

అనంతపురం

పిల్లలూ, ఆశీస్సులు.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో (గాలి ఒత్తిడితో సీసపు పెల్లెట్లు కొట్టే రైఫిల్) కొట్టి మీరు పంపిన రెండు గురి కార్డుల ఫోటోలు చూసినాను. తల సైజు (పెల్లెట్ ముందు భాగం వ్యాసం) 4.49 మి.మీ. ఉన్న డబ్బాలోంచి ఐదు, 4.50 డబ్బాలోంచి ఐదు కొట్టినారు. మొదటి ఐదూ కలిసి చేసిన రంధ్రం వెడల్పు 6.2 మి.మీ., రెండో ఐదుది 7.1. "4.49 గెలిచింది కదా, అవే పది డబ్బాలు తెప్పిద్దామా?" అని అడిగినారు. అప్పుడే తెప్పించొద్దు. ఐదు పెల్లెట్లు ఆ తీర్పు చెప్పలేవు.

రంధ్రం వెడల్పులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 తీసేయండి. ఒకదానికి 1.7, ఇంకోదానికి 2.6 మిగులుతాయి. గ్రూపు (ఒకే గురికి కొట్టిన పెల్లెట్ల గుంపు) అసలు సైజు అదే. ఇప్పుడు ఒకే డబ్బా, ఒకే రైఫిల్‌తో ఐదేసి పెల్లెట్ల గ్రూపులు ఓ పది తీసి చూడండి. అన్నిటికన్నా చిన్నదానికీ పెద్దదానికీ రెండింతల తేడా రావడం మామూలే. మీకు వచ్చింది ఒకటిన్నర రెట్లు. అది డబ్బా గుణం కావచ్చు, వట్టి అదృష్టమూ కావచ్చు. అందుకే ఒక్కో డబ్బాకు కనీసం నాలుగు గ్రూపులు, అంటే 20 పెల్లెట్లు కొట్టి సగటు తీయాలి. సగటుల మధ్య తేడా పావు వంతు కూడా లేకపోతే రెండూ సమానమనుకోండి, లేదా ఇంకో 20 కొట్టండి. నాలుగు గ్రూపుల్లో బాగా వచ్చిన ఒక్కటి దాచుకుని మిగతావి పారేసే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల గోడకు అంటించుకోవడానికి మంచి కార్డు దొరుకుతుంది, అంతే.

ఇంత చిన్న తేడా కోసం ఎందుకీ తంటా అంటారేమో. 10 మీటర్ల కార్డులో పది చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. దశాంశ లెక్కలో 0.1 పాయింటు అంటే 0.25 మి.మీ. మధ్యబిందువుకు 2.5 మి.మీ. దూరంలో పడిన పెల్లెట్‌కు (దాని అంచు చుక్కకు తగులుతుంది కాబట్టి) 10.0 వస్తే, 0.25 లోపల పడిన దానికి 10.9 వస్తుంది. 60 షాట్లకు గరిష్ఠం 654.0. అక్కడ పెల్లెట్ చేసే తప్పు మీ ఖాతాలోకే పోతుంది.

పరీక్షలో మీ తప్పు కలవకూడదు. క్లబ్బులో బెంచ్ వైస్ (బల్లకు అమర్చి వస్తువును దవడల మధ్య బిగించే సాధనం) ఉంటే రైఫిల్‌ను అందులో బిగించండి. దవడలకు మందపాటి రబ్బరు వేసి యాక్షన్ (పెల్లెట్ పెట్టి పేల్చే భాగం) దగ్గర పట్టించాలి, బ్యారెల్‌ను మాత్రం పట్టించకూడదు. బల్ల కదిలితే వైస్ ఉండీ లాభం లేదు, బరువులు పెట్టండి. బిగించినాక గురి చూడాల్సిన పని లేదు. రైఫిల్‌ను ముట్టకుండా ప్రతి ఐదుకూ కార్డును జరపండి. కార్డు జరిపేటప్పుడు రైఫిల్ ఖాళీగా, ఖాళీ అని చూపించే సేఫ్టీ జెండా పెట్టి ఉండాలి. కాల్చే గీత దాటి ముందుకు పోయేటప్పుడు ఎవరి చేయీ దాని మీద ఉండకూడదు.

వైస్ లేకపోతే ఇసుక సంచులతో సరిపెట్టుకోవచ్చు. పెన్నా ఇసుకను జల్లెడ పట్టి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, పాత జీన్స్ కాలులో పోసి కుట్టండి. తడి ఉంటే గట్టిపడి రాయి మాదిరి తయారవుతుంది. సంచి నిండా కూరకూడదు, నొక్కితే లొత్త పడాలి. ముందు సంచి ఫోరెండ్ (రైఫిల్ ముందు చేయి పట్టే భాగం) కింద, చిన్నది బట్ (భుజానికి ఆనే వెనక భాగం) కింద. ప్రతిసారీ అదే చోట ఆనాలి, దానికి రైఫిల్ మీద టేపు ముక్క గుర్తు పెట్టుకోండి.

డబ్బా మార్చిన వెంటనే కొట్టిన మొదటి పది పెల్లెట్లు లెక్కలోకి రావు. పాత పెల్లెట్ల సీసపు పూత పోయి కొత్తవాటి పూత బ్యారెల్‌లో కుదురుకోవాలి. ఫెల్ట్ ముక్కలతో శుభ్రం చేసినాక కూడా అంతే. ఇంకో మాట, 4.49 మొత్తం ముందు కొట్టి, తర్వాత 4.50 కొట్టొద్దు. మధ్యలో రైఫిల్ గాలి సిలిండర్ ఒత్తిడి దిగుతుంది, హాల్లో వేడి పెరుగుతుంది, ఆ నింద రెండో డబ్బా మీద పడుతుంది. 4.49, 4.50, మళ్లీ 4.50, 4.49 అన్న వరుసలో కొట్టండి. మార్చిన ప్రతిసారీ ఆ పది వదిలేయాలి. పెల్లెట్లు ఎక్కువే ఖర్చవుతాయి, కానీ తప్పు బ్యాచ్ (ఒకే విడతలో తయారైన సరుకు) పది డబ్బాలు కొనడం కన్నా చవకే.

క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) దొరికితే వేగం కూడా రాసుకోండి. ట్యూబ్‌లైటు మినుకుకు కొన్ని రకాలు తప్పు అంకెలు చూపిస్తాయి. మ్యాచ్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు, వేగం సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల. పది మీటర్లు పోయేలోపు అది 17, 18 మి.మీ. కిందికి దిగుతుంది. వేగం 2 మీటర్లు తగ్గితే ఇంకో 0.4 మి.మీ. కిందికి, అంటే దాదాపు 0.15 పాయింటు. పది షాట్ల వేగాలు 2 మీటర్ల లోపల ఉంటే సంతోషించండి. ఒక్కో షాటుకూ వేగం మెట్లు దిగినట్టు తగ్గుతూ పోతే సిలిండర్‌లో గాలి అయిపోవస్తోంది. కాసేపు ఆగి కొట్టిన మొదటిది మాత్రం ఎక్కువ వేగంతో పోయి తర్వాతవి సర్దుకుంటే, రెగ్యులేటర్ (ప్రతి షాటుకూ ఒకే ఒత్తిడి ఇచ్చే భాగం) సీలు కారుతోందని అనుమానించాలి. అప్పుడు డబ్బాలు మార్చి లాభం లేదు, రైఫిల్‌ను మెకానిక్ దగ్గరికి పంపాలి.

గ్రూపు ఆకారం కూడా మాట్లాడుతుంది. నిలువుగా సాగితే వేగం చూడండి. రెండు వేర్వేరు గుత్తులుగా పడితే వైస్ గానీ, యాక్షన్ స్క్రూలు గానీ, సైట్ గానీ వదులయింది. నాలుగు ఒకచోట, ఒకటి దూరంగా అంటే ఆ పెల్లెట్ స్కర్టు సొట్టపోయి ఉండొచ్చు. ఆ వెనక అంచు చాలా పలచన, డబ్బా బల్ల మీంచి పడితే చాలు. పడిన డబ్బాను మ్యాచ్‌కు వాడొద్దు. అట్లని దూరంగా పడిన దాన్ని సగటులోంచి తీసేయకండి, ఆ డబ్బాలో అట్లాంటివి ఇంకెన్ని ఉన్నాయో మనకేం తెలుసు?

బరువు తూచి వేరు చేయాలా అని కూడా అడిగినారు. బంగారు అంగడి త్రాసు పది మిల్లీగ్రాముల తేడానే చూపిస్తే అది దీనికి పనికిరాదు. పెల్లెట్ బరువులో ఒక శాతం అంటే 5 మిల్లీగ్రాములు, దానివల్ల వచ్చే ఎత్తు తేడా 0.2 మి.మీ. కూడా ఉండదు. మొదట తల సైజూ, బ్యాచూ కుదరనీయండి.

10 మీటర్లలో గెలిచిన డబ్బా 50 మీటర్లలో కూడా గెలుస్తుందని మాత్రం అనుకోవద్దు. దూరం అయిదు రెట్లయితే వేగం తేడావల్ల వచ్చే ఎత్తు తేడా పాతిక రెట్లు దాటుతుంది. ఇక్కడి 0.4 అక్కడ సెంటీమీటరు పైమాటే, గాలి సంగతి వేరే. వెయ్యి గజాల బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కొట్టే పోటీ) వాళ్లు వంద గజాల్లో లోడ్ (తూటాలో మందు కొలత) సరిచూసుకునేటప్పుడు కార్డుతో పాటు వేగాల పట్టీ కూడా చూసేది ఇందుకే. దగ్గరి దూరంలో ఆ లోపం గ్రూపులో దాక్కుంటుంది, అంకెల్లో దాక్కోలేదు.

మన ఎండల గురించి రెండు ముక్కలు. 25 డిగ్రీల్లో 200 బార్ నింపిన సిలిండర్ 45 డిగ్రీలకు 213 బార్ అవుతుంది. మే నెలలో నిండా నింపొద్దు, కారులో వదలొద్దు. సిలిండర్ మీద ముద్రించిన తేదీ నుంచి కంపెనీ ఇచ్చిన గడువు, సాధారణంగా పదేళ్లు, దాటితే వాడకండి. పరీక్ష పొద్దున్నే పెట్టుకుంటే మేలు.

పెల్లెట్లు నోట్లో పెట్టుకోకూడదు. అయిపోయినాక సబ్బుతో చేతులు కడిగిన తర్వాతే తినడం.

డబ్బా తేల్చుకున్నాక తల సైజు ఒక్కటే చెప్పి కొనకండి. డబ్బా వెనక ఉన్న బ్యాచ్ నంబరు అంగడాయనకు చదివి వినిపించి, అదే నంబరువి సీజనుకు సరిపడా ఒకేసారి తీసుకోండి. 4.49 అని రాసి ఉన్నా బ్యాచ్ మారితే పరీక్ష మళ్లీ మొదటి నుంచే.

ఇట్లు,
మీ తాత