గేమ్ అట్ట మీదకి పేరెలా వచ్చిందంటే

పెద్ద గేమ్ ఏది రిలీజైనా, పని చేసినవాళ్లలో కొందరి పేర్లు ఎగ్గొట్టారన్న గొడవ ఇప్పటికీ వింటూనే ఉంటాం. ఇది ఈనాటిది కాదు, దీని మొదలు తెలియాలంటే గేమ్ ప్రోగ్రామర్ కెరోల్ షా కెరీర్ చూడాలి.

అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివిన షా 1978లో అటారీ అనే వీడియో గేమ్ కంపెనీలో చేరారు. అప్పట్లో ఒక గేమ్‌కి ఆట, బొమ్మలు, చప్పుళ్లు అన్నీ ఒక్కరే రాసేవారు, అయినా అట్ట మీద కంపెనీ పేరు తప్ప ఇంకోటి ఉండేది కాదు. అక్కడి ప్రోగ్రామర్ వారెన్ రాబినెట్ అయితే 'అడ్వెంచర్' గేమ్‌లో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్య గది కట్టి అందులో తన పేరు పెట్టుకున్నాడు, అంత కడుపుమంట మరి. డేవిడ్ క్రేన్‌తో కలిపి నలుగురు ప్రోగ్రామర్లు పేరూ, అమ్మకాల్లో వాటా అడిగితే, గేమ్ ఉండే డబ్బీలు (కార్ట్రిడ్జ్‌లు) బిగించే వర్కర్ కంటే మీరేం గొప్ప కాదని బాస్ రే కసార్ అన్నాడని వాళ్లే తర్వాత చెప్పారు. 1979లో ఆ నలుగురూ బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టారు. అటారీ కోర్టులో కేసు వేసినా నిలబడ్డారు, ప్రోగ్రామర్ పేరు అచ్చేయడం మొదలుపెట్టారు.

అటారీ వదిలేసి మధ్యలో టాండెమ్ అనే కంప్యూటర్ కంపెనీలో పనిచేసిన షా 1982లో యాక్టివిజన్‌కి వచ్చి, నది మీదుగా విమానం నడిపే 'రివర్ రెయిడ్' గేమ్ రాశారు. గేమ్ నడిచే అటారీ మెషీన్‌లో ర్యామ్ (ఆడేటప్పుడు వాడుకునే మెమరీ) 128 బైట్లు, గేమ్ మొత్తం 4 కిలోబైట్లలో పట్టాలి. అంత పొడవు నదిని బొమ్మగా దాచుకునే చోటే లేదు. అందుకని ఒక సంఖ్యలోని బిట్లను పక్కకి జరుపుతూ తర్వాతి సంఖ్య పుట్టించే చిన్న కోడ్ రాసి, ఒడ్డు ఎంత వెడల్పు, ద్వీపం ఎక్కడ, పడవ ఎక్కడ అన్నీ ఆ సంఖ్యలతోనే తేల్చారు. మొదలుపెట్టే సంఖ్య ఎప్పుడూ మారదు కాబట్టి ఎన్నిసార్లు ఆడినా అదే నది, అదే మలుపులు, ఆడేవాళ్లకి కంఠతా వచ్చేస్తుంది. నాకైతే ఇంత ముచ్చటైన కోడ్ ఆ కాలంలో ఇంకోటి కనబడదు.

పది లక్షలకు పైగా అమ్ముడైన ఆ గేమ్‌తో వచ్చే పుస్తకంలో ఎలా ఆడాలో కెరోల్ షా పేరుతోనే సలహాలున్నాయి. ఆమె 1990లో రిటైరయ్యారు, 2017లో గేమ్ అవార్డ్స్ వాళ్లు ఇండస్ట్రీ ఐకాన్ అవార్డు ఇచ్చారు. పేరు అచ్చులో ఉండబట్టే ఎవర్ని పిలవాలో అందరికీ తెలిసింది.