సముద్రానికి ధర కట్టేదెవరు? ఎల్సా 3 పేచీకి మూలం 1979లో ఉంది

ఎంఎస్‌సీ కంపెనీ కంటెయినర్ ఓడ ఎల్సా 3 పరిహారం గొడవ మళ్లీ వార్తలకెక్కింది. 2025 మే 25న కేరళ తీరానికి ఆవల ఆ ఓడ మునగడం, సిబ్బంది 24 మందీ ప్రాణాలతో బయటపడటం, కంటెయినర్లు ఒడ్డుకు కొట్టుకురావడం అందరికీ తెలిసిన సంగతులే. కేరళ ప్రభుత్వం హైకోర్టులో అడిగింది 9,531 కోట్ల రూపాయలు. అందులో మత్స్యకారుల నష్టం కింద 526 కోట్లు, పునరుద్ధరణకు 378 కోట్లు పోగా, మిగిలిన సుమారు 8,626 కోట్లూ పర్యావరణ నష్టం పద్దులోవే. పేచీ అంతా ఈ పద్దు దగ్గరే.

ఇలాంటి లెక్కల చరిత్రను 1989లో అమెరికాలోని అలాస్కా తీరంలో చమురు ఒలికించిన ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. అసలు మలుపు అంతకు పదేళ్ల ముందు, బాల్టిక్ సముద్రంలో పడింది.

1979 ఫిబ్రవరి 27న సోవియట్ ట్యాంకర్ ఆంటోనియో గ్రాంసీ లాత్వియాలోని వెంట్‌స్పిల్స్ రేవు దగ్గర నేల తట్టి ఆగిపోయింది. దాదాపు 5,500 టన్నుల ముడి చమురు కారి, మంచుతో పాటు కదులుతూ స్వీడన్, ఫిన్లాండ్ దీవుల దాకా పోయింది. స్వీడన్ శుభ్రం చేయడానికైన ఖర్చు అడిగింది. సోవియట్ ప్రభుత్వం మాత్రం ఒక సూత్రం పెట్టుకుంది: పడిన చమురు ఎంత, దానివల్ల చెడిన నీరు ఎన్ని ఘనపు మీటర్లు, ఒక్కో మీటరుకు ఇన్ని రూబుళ్లు. ఓడ యజమాని కట్టాల్సిన మొత్తానికి చట్టం ముందే పరిమితి పెట్టింది. అందరూ ఆ సొమ్ములోంచే పంచుకోవాలి. సోవియట్ పద్దు పెద్దదయ్యేసరికి మిగతావారి వాటా తరిగింది. ఆ లోటు పూడ్చే భారం అంతర్జాతీయ చమురు కాలుష్య పరిహార నిధి మీద పడింది. ఆ నిధికి డబ్బు కట్టేది చమురు దిగుమతిదారులు.

దాంతో 1980లో నిధి సభ్య దేశాలు ఒక తీర్మానం చేశాయి: సైద్ధాంతిక నమూనాలతో వేసిన ఊహాజనిత లెక్కల మీద పరిహారం నిర్ణయించరాదు. సోవియట్ సూత్రం మోటుదే, కాదనలేం. అయితే దాన్ని కొట్టేసిన వాళ్లు అంతకన్నా మెరుగైన సూత్రమేదీ ముందు పెట్టలేదు. 1992 నాటికి ఆ తీర్మానం సారమే చమురు కాలుష్య పరిహారంపై అంతర్జాతీయ ఒప్పందాల నిర్వచనంలోకి ఎక్కింది. పోయిన ఆదాయం సంగతి పక్కన పెడితే, పర్యావరణానికి దక్కేది నిజంగా చేపట్టిన, లేదా చేపట్టబోయే సహేతుకమైన పునరుద్ధరణ ఖర్చు మాత్రమే. ఎల్సా ట్యాంకర్ కాదు కనుక ఆ నిధి దానికి వర్తించదు. కానీ ఓడల సొంత ఇంధనం కారితే వర్తించే 2001 నాటి బంకర్ ఒప్పందంలోనూ అదే వాక్యం ఉంది.

దీని అర్థమేమిటో తిరువనంతపురం బీచుల్లో కళ్లారా కనిపించింది. ఎల్సా కంటెయినర్లలోంచి కొట్టుకొచ్చిన, కందిపప్పు పరిమాణంలోని తెల్లటి ప్లాస్టిక్ గుళికలు ఇసుకలో కలిసిపోతే, జల్లెడలు పట్టి ఏరాల్సి వచ్చింది. జల్లెడ పట్టిన కూలీకి బిల్లు పెట్టొచ్చు. జల్లెడకు దొరకకుండా చేప కడుపులోకి పోయిన గుళికకు పెట్టలేరు.

అమెరికా ఈ ఏర్పాటులో చేరలేదు. ఎక్సాన్ వాల్డెజ్ తర్వాత 1990లో సొంత చట్టం చేసుకుంది. అలాస్కా ప్రభుత్వం చేయించిన అధ్యయనంలో దేశంలోని కుటుంబాలను, ఇలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా ఎంత కడతారని అడిగి, నష్టాన్ని సుమారు 280 కోట్ల డాలర్లుగా తేల్చారు. ఎక్సాన్ కంపెనీ డబ్బుతో పనిచేసిన ఆర్థికవేత్తలు ఆ పద్ధతినే తప్పుబట్టారు. నోబెల్ గ్రహీతలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో నేతృత్వంలోని సంఘం 1993లో, కట్టుదిట్టంగా చేస్తే ఆ పద్ధతి పనికొస్తుందని చెప్పింది. ఈలోపే, 1991లో, కేసు 90 కోట్ల డాలర్లకు రాజీ అయిపోయింది.

ఎల్సా మునిగిన రెండు నెలలకు, 2025 జులైలో, శ్రీలంక సుప్రీంకోర్టు, 2021లో ఆ దేశ తీరంలో మునిగిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ కేసులో 100 కోట్ల డాలర్లు కట్టమంది. కంపెనీ ఒప్పుకోలేదు, అది వేరే కథ. సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు ఎల్సా కేసులో, ఎంఎస్‌సీ గ్రూపుకే చెందిన, కోర్టు ఆపి ఉంచిన అకితెతా 2 ఓడను విడిచిపెట్టాలంటే కట్టాల్సిన పూచీని 1,227.62 కోట్లుగా నిర్ణయించింది. కేరళ అడిగిన దానిలో ఇది దాదాపు ఎనిమిదో వంతు. తుది పరిహారం కూడా కాదు. కేరళ పద్దు అతిశయమని, ఓడ మునిగిన చోటు రాష్ట్ర పరిధిలోకే రాదని కంపెనీ వాదన.

ఈలోగా బాధిత జిల్లాల మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం ప్రకటించిన సాయం 1,000 రూపాయలు, ఆరు కిలోల బియ్యం. మన ఆంధ్ర తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. కేరళలో ట్రాలర్లకు అది జూన్ 9 అర్ధరాత్రి మొదలవుతుంది. అంటే వాటికి పోయింది రెండు వారాల వేటేనని ఎవరైనా అనగలరు. నిషేధం వర్తించని చిన్న పడవల వాళ్లకు ఆ మాట చెల్లదు. రేవులో వేలం పాడి అమ్ముకునే వాళ్ల దగ్గర రసీదులూ ఉండవు. చేప తినాలంటే జనం జంకిన రోజుల్లో ధర ఎంత పడిందో వాళ్లు దేనితో రుజువు చేయాలి?

కొచ్చిలోనే ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, ఏ రాష్ట్రంలో ఏ జాతి చేప ఎంత పడుతోందో దశాబ్దాలుగా అంచనా వేస్తోంది. ప్రమాదానికి ముందు సముద్రం ఎలా ఉండేదో చెప్పడానికి చేతిలో ఉన్న ఆధారాల్లో అదొకటి. అదీ నమూనాలు తీసి వేసిన అంచనాయే. దాన్ని సాక్ష్యంగా తీసుకుంటారా, 1980 తీర్మానం భాషలో ఊహాజనితమని పక్కన పెడతారా అన్నదాన్ని బట్టే ఆ 8,626 కోట్లలో ఎంత నిలుస్తుందో తేలుతుంది.